ఐదు నోడ్ల తమ్ముడు

దమయంతి కట్టిన సర్వర్లు ఆమె మాట వింటాయని విశాఖపట్నం ల్యాబ్‌లో ఒక పేరుంది. ఆ పేరు ఊరికే రాలేదు. ఆమెకు మొండితనం ఎక్కువ. కొన్ని కంప్యూటర్లను ఒక్కటిగా కట్టిన క్లస్టర్ బ్యాంకుదైనా, ఆసుపత్రిదైనా, ఆఖరికి రేవులో చేపల వేలానిదైనా సరే, రెండు నియమాలు పెట్టందే చెయ్యి దులుపుకొనేది కాదు. ఒకటి కోరం, రెండోది కంచె. అవి లేకుండానే పని తొందరగా అప్పజెప్పమని బతిమాలినవాళ్ళకు చీవాట్లు పెట్టి పంపేది. అలాంటి మనిషి సొంత తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి ఆ రెంటినీ తన చేత్తోనే తీసేసింది.

తమ్ముడి పేరు లోకనాథం. ఉద్దానంలో, సముద్రానికి దగ్గరలో ఇల్లు. జీడిపప్పు ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేసేవాడు. ముప్పై దాటీ దాటకుండానే కిడ్నీలు పాడయ్యాయి. ఆ ప్రాంతంలో అదేమీ వింత కాదు, వీధి వీధిలోనూ ఒకరో ఇద్దరో ఉంటారు. అక్క పట్టుబట్టి విశాఖపట్నం తీసుకొచ్చి తన ఇంట్లో పెట్టుకుంది, డయాలసిస్ చేయించింది.

అతనికి సూదంటే చిన్నప్పటినుంచీ చచ్చే భయం. చిన్నప్పుడు కుక్క కరిస్తే సూదులు వేయించాల్సి వచ్చింది. అప్పుడే దమయంతి ఒక ఉపాయం కనిపెట్టింది. వాణ్ణి మొహం ఇటు తిప్పి ఏదో ఒకటి చెప్పమనేది. వాడు చెప్పడంలో మునిగిపోయాక కాంపౌండరుకు కళ్ళతో సైగ చేసేది. సూది దిగిన సంగతి వాడికి మాట మధ్యలో తెలిసేది, తెలిసేసరికి అయిపోయేది. పెళ్ళయి ఒక బిడ్డకు తండ్రయ్యాక కూడా డయాలసిస్ మంచం మీద అదే పద్ధతి. ఆ సూదులు మరీ లావు.

“నాను మాట్లాడతుంటాను. నువ్వు సైగ సేసీ అప్పా” అనేవాడు. వాళ్ళ వైపు అక్కను అప్ప అంటారు.

నర్సు నవ్వుకునేది. లోకనాథం ఫ్యాక్టరీ కబుర్లు మొదలుపెట్టేవాడు, దమయంతి కనురెప్ప ఒకసారి వాల్చేది.

డయాలసిస్ అంటే గంటల తరబడి కదలకుండా పడుకోవడం. ఆ గంటల్లోనే డాక్టర్ రంగశాయి తన చిప్పుల టోపీ తెచ్చి అతని తలకు తొడిగేవాడు. రంగశాయి ఆ ల్యాబ్‌కు పెద్ద. మనిషి మెదడు పనిచేస్తుండగా దాని పక్కనే ఉండి, దాన్ని చూసి నేర్చుకుంటూ ఎదిగే చిప్పులు ఆయన కనిపెట్టినవి. మొక్కకు పందిరిలాగా కాదు, పందిరే మొక్కను చూసి మొక్కయినట్టు. ఏడాది పైన పట్టింది. అయిదు చిప్పులు ఎదిగాయి. ఆరోది సగంలో ఉండగా లోకనాథం పోయాడు. అతని కూతురి పేరు ఇందు. అప్పటికి ఆ పాపకు ఇంకా మాటలు సరిగా రాలేదు.

కర్మకాండ అయ్యాక దమయంతి ఆ అయిదు చిప్పులనూ అయిదు నోడ్లలో, అంటే అయిదు చిన్న కంప్యూటర్లలో పెట్టి, వాటి మీద లినక్స్ ఎక్కించి, అన్నిటినీ ఒక్క క్లస్టర్‌గా కట్టింది. జ్ఞాపకాలు అయిదింట్లోనూ ఉంటాయి. ఆలోచన బరువును మాత్రం అయిదూ పంచుకుంటాయి. మూడు ల్యాబ్‌లో పెట్టింది. రెండు ఉద్దానంలో తమ్ముడి ఇంట్లో, ముందుగదిలో, సోలార్ బ్యాటరీల పక్కన ఇనుప బీరువాలో పెట్టింది. అలా ఇంట్లో కూడా ఉంటేనే పాప పిలిస్తే వెంటనే పలుకుతాడు. గోడకు ఒక తెర, ఒక కెమెరా, ఒక స్పీకరు.

మొదటిసారి ఆ తెర మీద మొహం కదిలి, “ఏటే హైమా, సిక్కిపోనావు?” అన్నప్పుడు అతని భార్య హైమ గోడకు జారగిలబడి కూర్చుండిపోయింది.

ఆ రోజే, కాస్త తేరుకున్నాక హైమ అడిగింది. “అయిదెందుకు వదినా? రెండుంటే సాలదా?”

“జిల్లా పరిషత్తు మీటింగుకి కోరం ఉంటుంది చూడు, అలాంటిదే” అంది దమయంతి వైరు బిగిస్తూ. “మధ్యలో లైను తెగిపోయిందనుకో. ఇటు మిగిలినవాళ్ళకి అటువాళ్ళు ఉన్నారో పోయారో తెలియదు. ఎవరికి వాళ్ళు మీటింగు పెట్టేసుకుంటే రెండు తీర్మానాలవుతాయి. అందుకని, సగం కంటే ఎక్కువమంది ఎటుంటే వాళ్ళదే మాట. తక్కువున్నవాళ్ళు నోరు మూసుకుని కూర్చోవాలి. లైను వచ్చాక, మీరేం చేశారో చెప్పండి అని విని కలిసిపోవాలి.”

“మూసుకోకపోతే?”

“అందుకే కంచె. మాట విననివాళ్ళ కరెంటు తీసేస్తుంది. మనం చెప్పక్కర్లేదు, దానంతటదే తీసేస్తుంది.”

హైమకు ఆ మాట నచ్చలేదు. తన మొగుడి కరెంటు తీసెయ్యడమేమిటి!

ఏడాది బాగానే గడిచింది. లోకనాథం కూతురికి మాటలు నేర్పాడు. చెరువు నీళ్ళు కాచకుండా తాగొద్దని వీధిలో వాళ్ళందరికీ తెర మీంచే కేకలేశాడు. ఫ్యాక్టరీవాళ్ళు పాడైన మిషను చప్పుడు ఫోన్లో వినిపిస్తే ఏ బేరింగు పోయిందో చెప్పేవాడు. ల్యాబ్‌లో ఉన్న అప్పతో మాట్లాడుతూనే ఇంట్లో పాపకు అన్నం తినిపించే కబుర్లు చెప్పేవాడు. రెండూ ఒక్కడే.

ఒక రోజు రోడ్డు వెడల్పు చేస్తూ ఎవరో కేబుల్ తెంపేశారు. ఇంట్లో ఉన్న రెండు నోడ్లూ నియమం ప్రకారం నోరు మూసుకున్నాయి. పాపకు కాకి కథ చెబుతున్న మొహం సగం మాట దగ్గర నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. పొద్దున ఆగినవాడు మధ్యాహ్నం లైను కలిశాక మిగతా సగం మాట పూర్తిచేశాడు. క్లస్టర్ లెక్కలో ఒక్క చుక్క కూడా పోలేదు. దమయంతి తన పనికి తానే మురిసిపోయింది.

హైమ మర్నాడే బస్సెక్కి విశాఖపట్నం వచ్చింది.

“నువ్వు సూడ్నేదు వదినా. మన ఇందు గుంట ఆ తెరని రెండు సేతుల్తో పట్టుకొని ఊపీసింది. నాన్నా, నాన్నా అని. ఆసుపత్రిలో ఎలగ నోరు తెరుసుకొని అయిపోనాడో, అలగే.” హైమ ఏడవలేదు, చెంగు నలుపుతూ మాట్లాడింది. “ఒక మనిసికి నాను రెండుసార్లు ఏడవలేను. మళ్ళీ అలగ ఆగిపోకండా సేసీ. లేపోతే ఆ పెట్టెలు నువ్వే తెచ్చీసుకో.”

ఇంకెవరైనా అడిగి ఉంటే దమయంతి చీవాట్లు పెట్టి పంపేదే. మరదలిని కూర్చోబెట్టి భోజనం పెట్టింది. ఆ సాయంత్రం సెట్టింగుల్లోకి వెళ్ళి, కోరం లేకపోతే ఆగిపో అన్న చోట, లేకపోయినా కొనసాగు అని మార్చింది. ఆ వెంటనే కంచెను కూడా తీసేసింది. తమ్ముడి కరెంటు తనంతట తానే తీసెయ్యగల వస్తువు ఒకటి అక్కడ ఉండటం ఆమెకూ మొదటినుంచీ ముల్లులాగే ఉంది. నిజం చెప్పుకుంటే, ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ క్లస్టర్లకు ఆమె పెట్టిన కంచెల వెనక ఎవరి తమ్ముడూ లేడు. అందుకే అవి అంత గట్టిగా ఉన్నాయి.

ఆ సంవత్సరం తుపాను ఉద్దానం మీదే తీరం దాటింది.

గాలి మొదలైన కాసేపటికే లైను పోయింది. ఫోన్లు పోయాయి, కరెంటు స్తంభాలు పోయాయి, రోడ్ల మీద కొబ్బరిచెట్లు పడి బస్సులూ పోయాయి. టీవీలో పై నుంచి తీసిన బొమ్మలు చూపించారు. పచ్చటి తోటలు ఉండాల్సిన చోట నీళ్ళు, నీళ్ళలో పడుకున్న చెట్లు. ఇంట్లో ఉన్న రెండు నోడ్లు బ్యాటరీ అయిపోయి ఆగిపోయి ఉంటాయనుకుంది దమయంతి. వాటి సంగతి ఆ రోజుల్లో ఆమెకు పట్టనే లేదు. హైమా, పాపా ఉన్నారో లేరో తెలియదు. అంతకంటే పెద్ద విషయం ఇంకేముంటుంది?

ల్యాబ్‌లో మూడు నోడ్ల మీద లోకనాథం ఉన్నాడు. ఆమె ఇంటికి వెళ్ళడం మానేసి అతని దగ్గరే కూర్చుంది.

“అప్పా, లైనొచ్చిందేటి?”

“లేదురా.”

“మళ్ళీ సూడు.”

చూసేది. లేదనేది. అతను, “తిన్నావేటి?” అని అడిగేవాడు. తినలేదని అతనికి తెలుసు. “ఎల్లి తినిరా, నాను సూస్తుంటాను” అనేవాడు.

అలా వారం పైన గడిచింది. వాళ్ళిద్దరూ అంతసేపు కలిసి ఉండి ఎన్నేళ్ళయిందో. ఏదో ఒకటి మాట్లాడుకోకపోతే పిచ్చెక్కేలా ఉండేది కనక అన్నీ మాట్లాడుకున్నారు. జీడిపిక్కలు వలిచి వలిచి నల్లబడిన అమ్మ వేళ్ళ గురించి మాట్లాడుకున్నారు. నాన్న ఈల గురించి మాట్లాడుకున్నారు. ఒకసారి ఇద్దరూ నవ్వారు కూడా, నవ్వి ఇద్దరూ సిగ్గుపడి ఊరుకున్నారు.

ఒక మధ్యాహ్నం అతనే ఎత్తుకున్నాడు. “నీ మీద నాకు కోపముండేది అప్పా. నీకు సెప్పనేదు.”

దమయంతి కుర్చీలో ముందుకు వంగింది. “ఎందుకురా?”

“సచ్చిపోనోడిని సచ్చిపోనట్టు ఉండనివ్వక ఈ పెట్టెల్లో ఎట్టినావని. పాపని ఎత్తుకోలేను, హైమ సెయ్యి పట్టుకోలేను. కూడు వాసన కూడా రాదు. ఇదేటి బతుకని. ఇప్పుడు లేదప్పా, కోపం. ఈ వారం రోజులూ భయపడి సస్తన్నాను గదా. అప్పుడు తెలిసినాది. పాప కోసం భయపడ్డానికి ఒకడుండాలి గదా. నన్ను దానికోసమైనా ఉంచినావు. మంచి పనే సేసినావు.”

అతని అంగీకారం అడిగింది, సంతకం పెట్టించుకుంది, కానీ నువ్వు సుఖంగా ఉన్నావా అని ఒక్కనాడూ అడగలేదు. ఏమంటాడో అని భయం. అడక్కుండానే జవాబు వచ్చింది. కెమెరా వైపు చూడలేక టీ సాకు మీద కళ్ళు తుడుచుకోవడానికి వెళ్ళిపోయింది.

మర్నాడు లైను వచ్చింది.

ముందు ఆమె తెర మీద రెండు పచ్చ దీపాలు వెలిగాయి. ఉద్దానం నోడ్లు. ఆమె లేచి నిలబడింది. తర్వాత చూసింది. ల్యాబ్ నోడ్లు మూడూ, మేం ముగ్గురం, లోకనాథం మా దగ్గర ఉన్నాడు అంటున్నాయి. ఆ రెండూ, మేం ఇద్దరం, లోకనాథం మా దగ్గర ఉన్నాడు అంటున్నాయి. ఏం జరిగిందో అర్థమయ్యేసరికి ఫోను మోగింది.

“వదినా! అందరం బాగున్నాం!” హైమ గొంతు చెవులు చిల్లులు పడేలా వినిపించింది. “పనసచెట్టు పడగ్గది మీద పడిపోనాది. పాప అక్కడే పడుకొనుంది. ఈయనే సెప్పినారు, చెట్టు ఇరుగుతున్న సప్పుడొస్తంది, బేగి వంటింట్లోకి ఎల్లిపోండని. మేం ఇలగొచ్చినాం, గోడ అలగ పడిపోనాది. ఈ రోజులన్నీ మాతోనే ఉన్నారు. పాపకి కథలు సెప్తానే ఉన్నారు. మాట మాత్రం ఆగి ఆగి వస్తంది, పెట్టెలు సెగలు కక్కుతున్నాయి. నువ్వు బేగి సూడు.”

“హైమేనా అప్పా? పాపుందా?” అన్నాడు వెనక నుంచి లోకనాథం. అడిగిన గొంతులోనే ఏడుపు. “ఓలమ్మా, ఉందా? బతికుందా? హైమా, నానే! పాపని ఫోను దగ్గరెట్టు!”

ఫోన్లో హైమ మాట ఆగిపోయింది. “వదినా, అదెవరు?” అంది.

లోకనాథం మిషన్లు బాగుచేసినవాడు. ఎవరూ విప్పి చెప్పక్కర్లేకపోయింది. “ఈయనే సెప్పినారంటే...” అని మొదలుపెట్టి, అక్కడితో ఆపేశాడు.

రంగశాయి వచ్చి అంతా చూశాడు. తిట్టలేదు. కుర్చీ లాక్కుని దమయంతి పక్కన కూర్చున్నాడు. ఆగిపోవాల్సిన రెండు నోడ్లు ఆగలేదు. ఆగి ఉంటే ఈ వేళ ఒక్కడే ఉండేవాడు. కానీ ఆగి ఉంటే చెట్టు విరుగుతున్న చప్పుడు వినేవాడు ఉండడు, పాప ఉండదు. తను చేసింది తప్పో ఒప్పో దమయంతికి తేలలేదు. ఇప్పటికీ తేలలేదు.

“ఇద్దర్నీ కలపలేమా సార్?”

“అదే వారాన్ని ఇద్దరూ రెండు చోట్ల బతికారమ్మా. రెండూ ఒక తలలో పోస్తే ఏమవుతుందో ఎలుకల్లో చూశాం. తిండి మానేసి తిరిగి తిరిగి చచ్చాయి.”

“ఇంకో నోడ్ తయారుచేద్దాం.”

“చిప్పు ఎదగాలంటే పక్కన ఆ తల ఉండాలి. ఆ తల ఇప్పుడు లేదు. ఆ చిప్పుల్లో తప్ప మనిషిని ఇంకెక్కడా దాచలేం.” ఆయన గొంతు తగ్గించాడు. “ఒక మనిషి సరిగ్గా ఆలోచించాలంటే తక్కువలో తక్కువ మూడు నోడ్లు కావాలి. అక్కడ రెండు మోస్తున్నాయి. రేపో ఎల్లుండో కాలిపోతాయి. అయిదింట్లో రెండు మూళ్ళు లేవు దమయంతీ. ఎవరో ఒకరు రెండోవాడికి చోటివ్వాలి. నువ్వు రాసిన నియమం ప్రకారమైతే మూడున్నవాడే అసలువాడు. అక్కడివాణ్ణి ఆపేసి, ఇక్కడివాణ్ణి ఆ రెంటిలోకి పంపించు. క్లస్టర్ లెక్కలో ఒక్క చుక్కా పోదు.”

ఆమె తల ఊపింది. చెయ్యి కదల్లేదు. కంచె ఉండి ఉంటే ఈ పని అది రెప్పపాటులో చేసేసేది. యంత్రానికి రక్తసంబంధం ఉండదు.

సాయంత్రం, “పాప గొంతు వినిపించు అప్పా” అన్నాడు లోకనాథం. ఆమె హైమకు ఫోన్ చేసి, పాపను దగ్గర పెట్టమని, స్పీకరు తెరిచింది. అటు పాప తెర ముందు కూర్చుని వాళ్ళ నాన్నతో మాట్లాడుతోంది. “మళ్ళీ సెప్పు నాన్నా. కాకి ఇల్లు ఎగిరిపోనాది. తరవాత?” అటునుంచి అతని గొంతే, ఆగి ఆగి, ఒక్కొక్క మాటా పేర్చుకుంటూ చెబుతోంది. పాప ఓపిగ్గా ఒక్కొక్క మాటకూ ఊఁ కొడుతోంది.

ఇటు అతను విన్నాడు. ఫోను పెట్టేశాక అన్నాడు, “ఆడ్ని ఉంచీ.”

“ఒరే...”

“ఆ కథ నాకు తెల్దప్పా. ఆ కాకి ఇల్లు ఎగిరిపోవడం. ఆడు కొత్తగా కట్టి సెప్పినాడు, తుపాన్లో. రేపు నానెల్లి కూసుంటే, తరవాతేటి నాన్నా అని అడుగుతాది. నానేటి సెప్పను? ఆ వారం పాపకి నాన్నంటే ఆడే. నాను కాదు.”

“నువ్వే వాడు. వాడే నువ్వు.”

“అయితే నువ్వెందుకు ఏడుస్తన్నావు మరి?”

అవును, ఎందుకేడుస్తోంది? ఈ వారమంతా తనతో కూర్చున్నవాడు, తిన్నావా అన్నవాడు, కోపం లేదన్నవాడు ఇతను. అక్కడున్నవాడికి ఆ మాట అన్న గుర్తు ఉండదు. ఇంకెప్పటికీ అనకపోవచ్చు. అందుకే ఏడుస్తోంది. అది స్వార్థమని ఆమెకు తెలుసు.

“రేపు పొద్దున్న సేసీ” అన్నాడు.

మర్నాడు పొద్దున్న కిటికీలోంచి ఎండ పడుతోంది. తుపాను తర్వాత ఆకాశం ఎప్పుడూ కడిగినట్టే ఉంటుంది, సిగ్గులేకుండా. దమయంతి ల్యాబ్‌లోని మూడు నోడ్లకూ పాత నియమం తిరిగి పెట్టింది. మూడింట్లో ఒక్కటి తప్పుకున్నా మిగతా రెంటికీ కోరం పోతుంది, ఆగిపోతాయి. అంటే ఒక్క మీట నొక్కితే చాలు. రంగశాయి ఆ పని తాను చేస్తానన్నాడు. ఆమె వద్దంది. ఆయన బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

“అప్పా.”

“ఊఁ.”

“భయమేస్తంది.”

“మానేద్దాంరా. ఇంకేదో చూద్దాం.”

“వొద్దు. పెట్టెలు కాలిపోతాయి. సూదప్పుడు సేసినట్టు సెయ్యి. నాను మాట్లాడతుంటాను. నాకు తెల్వనీకు.”

ఆమె కుర్చీ తెరకు దగ్గరగా జరుపుకుంది. ఎడమ చేత్తో తెర అంచు పట్టుకుంది. కుడి చెయ్యి మీట మీద ఉంది. ఇప్పుడు సైగ చెయ్యడానికి కాంపౌండరు లేడు, నర్సు లేదు. సైగా తనే, సూదీ తనే.

“ఏదైనా చెప్పు” అంది. గొంతు మామూలుగానే వచ్చింది.

“ఏటి సెప్పను? ఆఁ, బారువ ఒడ్డుకి తాబేలు పిల్లల్ని సూడ్డానికి ఎల్లినాం, గేపకముందేటి నీకు?”

“ఉంది. చెప్పు.”

“పిల్లలన్నీ సముద్రంలోకి పరిగెడతన్నాయి. ఒకటి మాత్రం ఎనక్కి తిరిగి ఊరేపు వస్తంది. ఈడికి దారి తెల్దని నాను జేబులో ఏసుకొచ్చీసినాను. ఇంటికొచ్చి తీసి నీళ్ళ గాబులో ఏస్తే నాన్న సూసీసినాడు. వీపు సితక్కొట్టీసి, ఎల్లి దిగబెట్టి రమ్మన్నాడు. నువ్వు నా ఎనకాల వొచ్చినావు. దారంతా నాను ఏడుస్తంటే నువ్వు దానికి పేరెట్టమన్నావు. ఏటి పేరెట్టినాను సెప్పు? కలెక్టరు!” అతను నవ్వడం మొదలుపెట్టాడు. “కలెక్టరుగారు నా జేబులో ఉచ్చోసీసినాడప్పా, నిక్కరంతా...”

అతను నవ్వుతున్నాడు. పూర్తిగా ఆ ఒడ్డు మీదికి వెళ్ళిపోయాడు. ఇదే సమయమని చిన్నప్పటి అలవాటు ఆమెకు చెప్పింది. ఆమె కనురెప్ప ఒకసారి వాలింది, వేలు కదిలింది.

అదే క్షణంలో అతని గొంతు మారింది. “అది సరే గానప్పా, పాపకి ఒక మాట సెప్పాలి. అదేటంటే...”

నొక్కేసింది. అప్పటికే నొక్కేసింది. వేలు వెనక్కి తీసింది కానీ, తీస్తే ఏముంది? తెర మీద మొహం నోరు తెరుచుకుని ఉంది. మూడు దీపాలు ఆరిపోయాయి. కాసేపటికి మళ్ళీ ఒకదాని తర్వాత ఒకటి వెలిగాయి. ఉద్దానం నుంచి వస్తున్న జ్ఞాపకాలను అక్షరం పొల్లుపోకుండా రాసుకోవడం మొదలుపెట్టాయి, పాతవాటి మీదే. రంగశాయి లోపలికి వచ్చేసరికి ఆమె తెర అంచు ఇంకా పట్టుకునే ఉంది.

ఆ తర్వాత అన్నీ సర్దుకున్నాయి. ఇంట్లో లోకనాథం మాట ఆగకుండా రావడం మొదలైంది. క్లస్టర్‌కు కోరమూ కంచే రెండూ తిరిగి పెట్టింది. ఈసారి హైమ వద్దనలేదు. “నాన్న అప్పుడప్పుడు ఆగిపోతాడు, మళ్ళీ వస్తాడు” అని పాపకు తనే చెప్పుకుంది. చెట్టు పడిన గదికి రేకులు వేయించారు. దమయంతి మాత్రం మూడు నెలల దాకా ఆ ఇంటి గడప తొక్కలేదు. ఫోన్లో పని ఉన్నంతవరకే మాట్లాడి పెట్టేసేది.

చివరికి హైమే కేకలేసి రప్పించింది. వెళ్ళేసరికి ఎండ నెత్తి మీద ఉంది. దారి పొడుగునా కొబ్బరిచెట్ల మొదళ్ళు, వాటి మధ్య కొత్తగా పాతిన పిలకలు. హైమ చేపల పులుసు పెట్టింది. తిన్నాక పాప పెరట్లోకి పరిగెత్తింది, హైమ గిన్నెలు తోమడానికి వెళ్ళింది. ముందుగదిలో తెర ముందు దమయంతి ఒక్కతే మిగిలింది.

“ఏటప్పా, నా మొకం సూణ్ణేవేటి?” అన్నాడు లోకనాథం. “నీ కాడున్నోడు ఏటైనాడో హైమ నాకు సెప్పింది. నువ్వేం తప్పు సెయ్యనేదు.”

ఆమె తలెత్తింది. ఈ మూడు నెలలూ మనసులో తిప్పుకుంటున్నది ఇక ఆగలేదు. “ఒరే, నిన్నొకటి అడుగుతాను. పాపకి ఒక మాట చెప్పాలి అని నీకు అనిపించిందనుకో. ఆఖరి మాట. ఏం చెప్తావు?”

అతను ఆలోచించాడు. “నీళ్ళు కాసుకొని తాగమంటాను.”

ఆమె కాదన్నట్టు చూసింది.

“బాగా సదూకో అంటాను. అమ్మని ఏడిపించొద్దంటాను. నీలాగ మొండిగా ఉండమంటాను.” ఒక్కొక్కటీ చెబుతూ ఆమె మొహం చూస్తున్నాడు. ఆమె ఒక్కొక్క మాటనూ ఆ సగం మాట పక్కన పెట్టి చూసుకుంటోంది. ఏదీ అతకలేదు. అన్నీ మంచి మాటలే. ఏదీ నవ్వు మధ్యలో గొంతు మార్చుకుని చెప్పాల్సినంత మాట కాదు.

“నువ్వే కదరా వాడు. నీకు తెలియాలి. తాబేలు కథ చెబుతూ నవ్వుతున్నాడు. నవ్వుతున్నవాడు ఆగి, పాపకి ఒక మాట చెప్పాలి, అదేటంటే అన్నాడు. నేను నొక్కేశాను. ఆ మాట ఏమిటో చెప్పు. నీకు తెలియకపోతే ఇంకెవడికి తెలుస్తుంది?”

తెర మీద మొహం చాలాసేపు కదల్లేదు. లైను పోయిందేమో అనుకుంది. పోలేదు.

“నాకెలగ తెలుస్తాదప్పా?” అన్నాడు మెల్లగా. “నాను పాప కాడే ఉన్నాను. పాపుందో లేదో తెలీకండా వారం రోజులు కూకున్నోడు ఆడు. అలగ కూకున్నోడికి ఏటి మాట పుడతాదో నాకేటి తెలుసు. ఆడి మాట ఆడిదే.”

దమయంతి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఈ మూడు నెలలూ ఆమె ఒక్క ఆశ మీద బతికింది. తను చంపింది ఎవరినీ కాదు, తమ్ముడు ఒక్కడే, వాడు ఇక్కడ ఉన్నాడు అని. ఆ ఆశ కూడా తమ్ముడి నోటితోనే పోయింది.

పాప పెరట్లోంచి వచ్చింది, చేతులనిండా మట్టి. అత్త ఒడి ఖాళీగా కనిపిస్తే వచ్చి ఎక్కింది. దమయంతి దాని జుట్టు సవరించింది.

“నీకు ఒక మాట చెప్పాలట ఇందూ.”

“ఏటి మాట?”

“తెలీదమ్మా. చెప్పాలన్నాడు. చెప్పేలోపల నేనే అడ్డం వచ్చాను.”

“ఎవరు సెప్పాలన్నారు?”

“మీ నాన్న.”

పాప తిరిగి తెర వైపు చూసింది. అక్కడ వాళ్ళ నాన్న ఉన్నాడు. మళ్ళీ అత్త వైపు చూసింది, ఈ అత్తకు ఏమీ తెలియదన్నట్టు.

“నాన్న ఇక్కడే ఉన్నాడు గదా అత్తా.”

“అవునమ్మా” అంది దమయంతి. “ఇక్కడే ఉన్నాడు.”